హద్దుదారులకు నోటీసు

మార్చి 12, మంగళవారం

ఫిస్క్ పొలం లేఅవుట్ నోటీసులు ఇవాళ పోస్టు చేశాను. మొత్తం పదకొండు. ఆ పొలంతో హద్దు పంచుకునే ప్రతి ఇంటికీ విచారణకు పదిహేను రోజుల ముందే రిజిస్టర్డ్ ఉత్తరం వెళ్ళాలని నియమం. ఊరివాళ్ళ మాట వినే ఆ బహిరంగ విచారణ ఏప్రిల్ 4న. కావలసినంత వ్యవధి ఉంది. ఈ టౌన్ ప్లానింగ్ బోర్డుకి పంతొమ్మిదేళ్ళుగా గుమస్తాని. ఇంతవరకూ ఒక్క నోటీసు ఆలస్యం చేయలేదు.

ఆ పొలంలో ఇరవై నాలుగు ఇళ్ళు రాబోతున్నాయి. వాటిలో ఎనిమిది చిన్నవి, రెండేసి పడగ్గదులవి. ఈ ఊళ్ళో మామూలు మనుషులు కొనుక్కోగల ఇల్లు లేచి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు.

ఆఫీసు నుంచి సరాసరి మా అమ్మాయి కార్లీ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళుండే పాత రేకుల ట్రైలర్ ఇంట్లో పడగ్గది గోడకి మళ్ళీ బూజు పట్టింది. మనవరాలు పైపర్ దగ్గుతూనే ఉంది. ఆరేళ్ళ పిల్ల. అది దగ్గుతుంటే నా పక్కటెముకలు నొప్పెడతాయి. ఆ ఎనిమిది ఇళ్ళలో ఒకదానికి కార్లీ పేరు ఇచ్చింది. బోర్డు చెయిర్‌పర్సన్ థియాకి చెప్పాలా అని ఆలోచించాను. నాకు ఓటు లేదు కదా. రాసుకోవడమే నా పని. చెప్పాల్సిందేమీ లేదు.

మార్చి 22, శుక్రవారం

ఒక ఉత్తరం తిరిగొచ్చింది. ఏవిస్ కోల్‌బర్న్‌ది. 'తీసుకునేవారు లేరు' అని ముద్ర.

ఆవిడ ఇంట్లో ఉంటే కదా తీసుకోవడానికి. ఫిబ్రవరిలో కట్టెల కొట్టం దగ్గర మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఇక్కడికి నలభై నిమిషాల దూరంలో నర్సింగ్ హోమ్‌లో ఉంది. ఊరంతటికీ తెలుసు. నాకైతే గది నంబరు కూడా తెలుసు, వీలైన ఆదివారాల్లో వెళ్తున్నాను కాబట్టి.

కవరు ఫైల్లో పెట్టాను. పన్నుల జాబితాలో ఉన్న చిరునామాకి పంపితే చాలు, చేరిందా లేదా అన్నది ఆఫీసు పూచీ కాదు. నియమం అలాగే ఉంది. రెండుసార్లు చదివాను.

మార్చి 24, ఆదివారం

ఏవిస్ దగ్గరికి వెళ్ళాను. చికెన్ కూరిన రొట్టె కాల్చి పట్టుకెళ్ళాను. ఒక ముక్క నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఇందులో ఉప్పు నువ్వొక్కదానివే వేశావా, దారిలో ఇంకెవరన్నా కూడా వేశారా?"

"తినకపోతే వెనక్కి పట్టుకెళ్ళిపోతాను, మిసెస్ కోల్‌బర్న్."

"పట్టుకెళ్ళు చూద్దాం. కర్ర ఇక్కడే ఉంది." అంటూనే రెండో ముక్క తీసుకుంది. "నాకు ఎనభై మూడు, నీకు యాభై ఏడు. ఇంకా ఆ మిసెస్సేమిటే? పదకొండేళ్ళప్పుడు పిలిచినట్టే పిలుస్తావు."

పదకొండేళ్ళప్పటి నుంచి పదహారు దాకా వేసవి సెలవుల్లో ఆవిడ పాకలో ఆవుల పని చేశాను. మా ఇంట్లో నాన్న తాగి అరిచే రోజులవి. మధ్యాహ్నం భోజనం ఆవిడే పెట్టేది. నాకు ఈ ప్రపంచంలో ఏదన్నా పని శుభ్రంగా చేయడం వచ్చిందంటే ఆవిడ దగ్గరే వచ్చింది.

పైపర్ దగ్గు గురించి అడిగింది. ఎక్కువైందని చెప్పాను. కార్లీ గురించి చెప్పాను. "ఊళ్ళో ఇంకేమిటి సంగతులు?" అంది.

"ఏమున్నాయి. బురద."

"అంతేనా?"

"అంతే."

నొప్పితో ఉన్న మనిషి. రక్తపోటు కూడా ఉంది. మనసు కలత పెట్టే మాటలు చెప్పకూడదని నర్సు కూడా అంది. ఈ విషయం గురించి కాదనుకోండి, మామూలుగా అంది.

'అనుకోండి' అని ఎవరికి రాస్తున్నాను?

మార్చి 26, మంగళవారం

లేఅవుట్ పటం మళ్ళీ తీసి చూశాను. అందులో ఆ గొట్టం లేదు.

ఫిస్క్ పొలం పై మూలన చెట్ల మొదట్లో ఒక ఊట ఉంది. చుట్టూ రాళ్ళు పేర్చి తొట్టిలా కట్టి, పైన చెక్క మూత వేశారు. అక్కణ్ణించి భూమిలో పాతిన గొట్టం పొలానికి అడ్డంగా వచ్చి ఏవిస్ వంటింటి కుళాయిలో తేలుతుంది. ఆవిడకి బావి లేదు, బోరు లేదు. ఆ ఊటే నీళ్ళు. ఏవిస్ మామగారూ, పాత ఫిస్క్ తాతా చేతిలో చెయ్యేసి అనుకున్న మాట అది. కాగితం లేదు. ఇప్పుడు పొలం చేతికొచ్చిన మనవడు లీలండ్ ఫిస్క్ బోస్టన్‌లో పెరిగినవాడు, అతనికి తెలియదు. సర్వే వాళ్ళు మంచు నిండా ఉన్నప్పుడు కొలిచారు, వాళ్ళ కంటబడలేదు.

నాకు తెలుసు. పదమూడేళ్ళప్పుడు ఒక ఆగస్టులో ఆవిడతో కలిసి ఆ తొట్టిలోకి దిగి కుళ్ళిన ఆకులు తీశాను.

ఎవరన్నా అడిగితే చెబుతాను.

మార్చి 31, ఈస్టర్

కార్లీ, పైపర్ వచ్చారు. హామ్ వండాను. తిన్నంతసేపూ కార్లీ ఇంటి గురించే. ఏ గోడకి ఏ రంగో, కిటికీ ఎటువైపో. తొమ్మిదో నంబరు ప్లాటు ఇస్తామన్నారట. "అమ్మా, విచారణలో ఎవరూ అడ్డుపడరు కదా?" అని మూడుసార్లు అడిగింది. "ఎందుకు పడతారు" అన్నాను.

పన్నెండేళ్ళ కిందట ఇదే ఊళ్ళో స్కూలు పక్కన గిడ్డంగి కడతామని ఒక కంపెనీ వచ్చింది. విచారణలో ఏవిస్ లేచి నిలబడి నలభై నిమిషాలు మాట్లాడింది. కంపెనీ తరపు లాయరు మధ్యలో ఒకసారి కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. నెల తిరక్కుండా దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు.

ఆ రోజు మాట్లాడిన ప్రతి మాటా మినిట్స్‌లో రాసింది నేనే. చేతులు నొప్పెట్టాయి.

ఏప్రిల్ 5, శుక్రవారం

నిన్న విచారణ జరిగింది. అంతా నియమం ప్రకారమే.

పాతిక మంది వచ్చారు. డ్రైనేజీ గురించి ఒకాయన, వీధి దీపాలు కళ్ళలో పడతాయని ఒకావిడ అడిగారు. లీలండ్ ఫిస్క్ మర్యాదగానే జవాబిచ్చాడు. థియా ఈ ఊళ్ళో సగం మందికి ఐదో తరగతి చెప్పిన టీచరు, ఎవర్నీ ఎక్కువసేపు సాగదీయనివ్వదు.

చివర్లో ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగింది. "ఈ భూమి మీద ఎవరికైనా దారి హక్కుగానీ నీటి హక్కుగానీ ఉన్నట్టు ఇక్కడ ఎవరికన్నా తెలుసా?"

గదంతా ఒకసారి కలయజూసింది. ఆ చూపు నా మీద కూడా పడింది. పడిందంటే, అందరి మీదా పడినట్టే. నేను కాగితం వైపు చూసి 'ఎవరూ లేరు' అని రాశాను. ఎవరూ మాట్లాడక ముందే రాశాను.

ముగించబోతూ థియా నవ్వింది. "ఏవిస్ లేకపోతే ఇంత తొందరగా ఇళ్ళకి పోవచ్చని మర్చేపోయాను. అవునూ, ఆవిడకి నోటీసు వెళ్ళింది కదా మర్లీన్?"

"వెళ్ళింది" అన్నాను.

అబద్ధం కాదు. వెళ్ళింది.

ఏప్రిల్ 18, గురువారం

మంజూరైంది. ఐదుకి ఐదు ఓట్లు. అప్పీలుకి ముప్పై రోజుల గడువు. విచారణలో మాట్లాడినవాళ్ళకే అప్పీలు హక్కు.

కార్లీ ఫోన్లో ఏడ్చింది, సంతోషంతో.

ఏప్రిల్ 28, ఆదివారం

ఏవిస్ వాకర్ పట్టుకుని వరండా చివరిదాకా నడిచింది. నన్ను పక్కన నడవనివ్వలేదు. "పడితే పట్టుకోవడానికి నర్సుకి జీతమిస్తున్నారు, నీకెందుకు" అంది.

తిరిగొచ్చి కూర్చుని, గ్లాసులో నీళ్ళు ఒక గుక్క తాగి పక్కన పెట్టేసింది. "మందు కంపు. ఇక్కడి నీళ్ళు తాగి తాగి నాలుక మొద్దుబారింది. వచ్చేసారి మా ఇంటి కుళాయి నీళ్ళు ఒక సీసాడు పట్టుకురావే. ఇంకేం వద్దు. నీ ఉప్పు వంటలు కూడా వద్దు."

సరే అన్నాను.

మే 12, ఆదివారం

సీసా పట్టుకెళ్ళాను.

ఆవిడ వంటింట్లో కుళాయి తిప్పితే మొదట బుసబుసమంది, తర్వాత చల్లగా వచ్చింది. సింకు పైన కిటికీలోంచి పొలం కనిపిస్తుంది. ఎర్ర రిబ్బన్లు కట్టిన కర్ర మేకులు వరసగా. సీసా నిండి పొర్లి నా చేతి మీదుగా కారుతున్నా కట్టకుండా నిలబడ్డాను.

ఏవిస్ కళ్ళు మూసుకుని తాగింది. గ్లాసు దించి, "నీ చేతికి పుణ్యముంటుందే పిల్లా" అంది.

అప్పీలు గడువు ఇంకా ఆరు రోజులుంది. ఆవిడకి అప్పీలు హక్కు లేదు, మాట్లాడలేదు కాబట్టి. కానీ థియాకి ఒక ఫోను చేస్తే చాలు, నేను చేస్తే చాలు. కారులో ఫోను చేతిలోనే పట్టుకుని ఇంటిదాకా వచ్చాను.

మే 20, సోమవారం

గడువు శనివారంతో అయిపోయింది. ఎవరూ అప్పీలు వేయలేదు. ఫైలు బీరువాలో పెట్టేశాను.

జూన్ 7, శుక్రవారం

ఏవిస్ ఇంటికొచ్చింది. ఆవిడ మేనల్లుడు డ్వైట్ తీసుకొచ్చాడు. స్కూలు బస్సు నడుపుతాడు, మెత్తటి మనిషి, పెళ్ళి చేసుకోలేదు. ఆవిడకున్న నా అన్నవాడు వాడొక్కడే. నాలుగు నెలలూ ఆవిడ ఉత్తరాలు తెచ్చివ్వడం, పిల్లికి తిండి పెట్టడం అన్నీ వాడే చేశాడు.

నేను వెళ్ళలేదు. పని ఉంది. పనేమీ లేదు.

జూన్ 11, మంగళవారం

తెగింది. నిన్న మధ్యాహ్నం పునాది తవ్వుతుంటే మిషను పళ్ళకి గొట్టం తగిలి తెగింది. తొమ్మిదో నంబరు పునాది. మా కార్లీది.

ఏవిస్ ఇవాళ పది గంటలకి వాకర్ తోసుకుంటూ ఆఫీసుకి వచ్చింది. మెట్లు ఎలా ఎక్కిందో. అరవలేదు. కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, "మర్లీన్, నా కుళాయిలో గాలి వస్తోంది" అంది.

నేను ఫైలు తీసి చూపించాను. నిబంధన ప్రకారం మార్చి పన్నెండున నోటీసు పంపామనీ, తిరిగొచ్చిందనీ చెప్పాను. కవరు చూపించాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రిజిస్టర్డ్ ఉత్తరం వస్తే పోస్టాఫీసు వాళ్ళు ముందు చీటీ పెడతారు కదా? వచ్చి తీసుకోమని?"

"పెడతారు."

"నా ఉత్తరాలన్నీ డ్వైట్ తెచ్చాడు. చీటీ తేలేదు." కవరు కౌంటరు మీద పెట్టింది. "నర్సింగ్ హోమ్‌లోనే ఉండిపొమ్మని వాడు రెండుసార్లు అన్నాడు. ఇంట్లో నీళ్ళు లేకపోతే అక్కడే ఉండక చస్తానా."

"అలా అయ్యుండదు" అన్నాను.

"మరెలా అయ్యుంటుంది?"

నేను కవరు తీసి మళ్ళీ ఫైల్లో పెట్టాను.

వెళ్తూ వెళ్తూ నా చేతి మీద తట్టింది. "నీ తప్పు కాదులే. నీ పని నువ్వు చేశావు."

జూన్ 13, గురువారం

డ్వైట్ వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మర్లీన్, ఒక్క మాట అడగనా? ఆ చీటీ ఎలా ఉంటుంది? ఏ రంగు?"

"లేత పసుపు."

"నాకు గుర్తు రావడం లేదు. కరపత్రాలూ అవీ అన్నీ ఒక్కసారే పొయ్యిలో వేసేసేవాణ్ణి. అందులో పోయి ఉంటుంది. పోయే ఉంటుంది." టోపీ అంచు నలుపుతున్నాడు. "అత్తయ్య నా దగ్గర తాళం చెవి తీసేసుకుంది. నీళ్ళ డబ్బాలు తెస్తే గుమ్మంలో పెట్టి పొమ్మంటోంది. నేను కావాలని చేశాననుకుంటోంది. కావాలని కాదు మర్లీన్, ఒట్టు."

"నాకు తెలుసు డ్వైట్."

"నీకెలా తెలుసు?" అన్నాడు, ఆశగా.

"నిన్ను చిన్నప్పట్నించీ చూస్తున్నాను కదా" అన్నాను.

అతను నాకు థాంక్స్ చెప్పి వెళ్ళాడు.

జూన్ 14

చెప్పాలి.

జూన్ 15

ఇవాళ చెప్పలేదు.

జూన్ 17, సోమవారం

ఏవిస్ ఇంటి ముందు నుంచి కారు పోనిచ్చాను. గుమ్మంలో ఆరు నీళ్ళ డబ్బాలు. ఆవిడ ఒక్కొక్కటీ కాలితో లోపలికి తోసుకుంటోంది, వాకర్ పట్టుకునే. నేను ఆపలేదు. మలుపు తిరిగాక ఆపాను.

జూన్ 23, ఆదివారం

కార్లీకి చెప్పాను. మొత్తం. పటం, ఊట, కవరు, నర్సింగ్ హోమ్ ఆదివారాలు, డ్వైట్.

ఆమె ట్రైలర్ మెట్ల మీద కూర్చుంది. పైపర్ లోపల టీవీ చూస్తోంది. తలెత్తకుండానే అంది, "ఇప్పుడెందుకు చెప్పడం? గొట్టం తెగిపోయింది. అయిపోయింది. లీలండ్ చేత ఆవిడకి బోరు వేయిద్దాం. గట్టిగా అడుగుదాం."

"డ్వైట్ సంగతి?"

"మెల్లిగా సర్దుకుంటారమ్మా. ఇంట్లో వాళ్ళేగా."

"అతను తానే తప్పు చేశానని నమ్మేస్తున్నాడే."

అప్పుడు లేచింది. మొహం ఎర్రబడింది. "నేను నిన్ను అడిగానా? ఇలా చెయ్యమని నేను అడిగానా ఎప్పుడైనా? రేపు ఊరంతా ఏమంటుంది, కార్లీ కోసం చేసిందంటుంది. నా కోసం అని నా నెత్తిన పెట్టకు."

"పెట్టడం లేదు."

"పెడుతున్నావు. చిన్నప్పట్నించీ ఇంతే. నువ్వేదో చేస్తావు, అది నా కోసం అవుతుంది."

లోపల పైపర్ దగ్గింది. ఇద్దరం అటు చూశాం. కార్లీ నా వైపు చూడకుండానే, "చెబితే ఇల్లు పోతుందా?" అంది.

"తెలీదు. ఆగుతుంది. పోవచ్చు కూడా."

"చెప్పకు" అంది. మళ్ళీ తనే, "నువ్వు చెబుతావు. నాకు తెలుసు. మొహం చూస్తే తెలుస్తోంది. వెళ్ళు" అంది.

జూలై 2, మంగళవారం

చెప్పాను.

ఏవిస్ గుమ్మంలో చిక్కుళ్ళు వలుస్తోంది. నన్ను చూసి పక్క కుర్చీ మీంచి బుట్ట తీసింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఉత్తరం తిరిగొచ్చిన రోజు నుంచి, మీరు ఎక్కడున్నారో తెలిసి, మూడు ఆదివారాలు మీ పక్కన కూర్చుని చెప్పలేదని. గొట్టం సంగతి నాకు తెలుసనీ, థియా అడిగినప్పుడు నోరు మూసుకున్నాననీ. తొమ్మిదో నంబరు కార్లీదని. సీసాలో నీళ్ళు పట్టినప్పుడు మేకులు చూశానని కూడా. పంతొమ్మిదేళ్ళుగా మినిట్స్ రాస్తున్న దానిని, ఏదీ వదల్లేదు.

ఆవిడ చేతులు ఆగలేదు. వలుస్తూనే ఉంది. అంతా అయ్యాక ఆగింది.

"డ్వైట్‌కి తెలుసా?"

"లేదు."

"నాకు ముందు చెప్పావా? వాడికి చెప్పకుండా?" మొదటిసారి నా మొహంలోకి చూసింది. "మూడు వారాలుగా నేను వాణ్ణి గుమ్మంలోంచి పంపించేస్తుంటే చూశావు. వెళ్ళు. ముందు వాడికి చెప్పిరా. నా సంగతి తర్వాత."

"మిసెస్ కోల్‌బర్న్—"

"వెళ్ళమన్నాను."

డ్వైట్ బస్సుల షెడ్డులో ఉన్నాడు. సెలవుల్లో సీట్లు కుడుతున్నాడు. విన్నాడు. సూది పక్కన పెట్టి బస్సు మెట్టు మీద కూర్చున్నాడు.

"అయితే నేను పారెయ్యలేదన్నమాట" అన్నాడు.

"చీటీ వచ్చే ఉంటుంది. నువ్వు పారేసినా పారెయ్యకపోయినా ఒకటే. ఆవిడ ఎక్కడుందో నాకు తెలుసు. నేను వెళ్ళి చేతికివ్వాల్సింది."

"నేను పిచ్చివాణ్ణయిపోతున్నాననుకున్నాను. రోజూ పొయ్యి ముందు కూర్చుని గుర్తు తెచ్చుకునేవాణ్ణి, పసుపు కాగితం, పసుపు కాగితం అని. చివరికి కనిపించింది కూడా. మంటలో కాలుతున్నట్టు. నిజంగా చూసినట్టే."

నేను క్షమించమన్నాను. వినపడనట్టే తాళాలు తీసుకుని వాళ్ళ అత్తయ్య దగ్గరికి వెళ్ళిపోయాడు. షెడ్డు తలుపు నేనే వేసి వచ్చాను.

జూలై 12, శుక్రవారం

నిన్న బోర్డు సమావేశంలో, 'ఇతర విషయాలు' అన్న చోట, లేచి చదివాను. రాసుకుని వెళ్ళాను, లేకపోతే ఏదో ఒకటి మెత్తగా చేసేస్తానని భయం. అరపేజీ.

థియా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఏప్రిల్‌లో నేను నిన్ను సూటిగా అడిగాను మర్లీన్."

"అడిగారు."

"నువ్వు వెళ్ళిందన్నావు."

"అన్నాను."

"ఈ గదిలో నేను అబద్ధం చెబుతారేమోనని చూసేది ఆ కుర్చీల వైపు." జనం కూర్చునే వైపు చెయ్యి చూపించింది. "నీ వైపు ఎప్పుడూ చూడలేదు."

రాజీనామా కాగితం బల్ల మీద పెట్టాను. ఆ రాత్రి మినిట్స్ కూడా నేనే రాయాల్సి వచ్చింది, ఇంకెవరూ లేరు కాబట్టి. నా గురించి నేనే రాసుకున్నాను. 'గుమస్తా తెలియజేసింది' అని.

తొమ్మిది, పది నంబర్ల పని ఆపేశారు. లీలండ్ ఫిస్క్ లాయరుతో మాట్లాడి, మళ్ళీ విచారణకి తనే ఒప్పుకున్నాడు. ఆగస్టు 8.

జూలై 20

కార్లీ ఫోను ఎత్తడం లేదు. పైపర్‌ని వాళ్ళ పక్కింటావిడ చూసుకుంటోందట.

జూలై 22, సోమవారం

రిజిస్టర్డ్ ఉత్తరాలు పెట్టడానికి కొత్త గుమస్తా పోస్టాఫీసుకి వెళ్తుంటే కిరాణా కొట్టు ముందు ఎదురైంది. కవర్లు ఛాతీకి అదుముకుని పట్టుకుంది. నవ్వబోయి మానేసింది. ఏవిస్ కవరు మాత్రం తనే ఇంటికెళ్ళి ఇచ్చిందని తర్వాత విన్నాను.

ఆగస్టు 9, శుక్రవారం

నిన్న మొదటిసారి జనం కుర్చీల్లో కూర్చున్నాను. చివరి వరస. నా పక్క రెండు కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి. విచారణ మొదలైన కాసేపటికి కార్లీ వచ్చి వాటిలో ఒకదానిలో కూర్చుంది. మాట్లాడలేదు. కానీ వచ్చింది.

ఏవిస్ లేచింది. డ్వైట్ మోచెయ్యి పట్టుకోబోతే వద్దంది. గది మొత్తం సర్దుకుని కూర్చుంది, పన్నెండేళ్ళ కిందట్లాగే. నేను ఒళ్ళో చేతులు బిగించుకున్నాను.

"నా పేరు ఏవిస్ కోల్‌బర్న్. యాభై తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను. ఇళ్ళు వద్దని చెప్పడానికి రాలేదు. మా ఆయన పోయినప్పట్నించీ నా వంటింటి కిటికీలోంచి గడ్డి తప్ప ఇంకేమీ చూడలేదు. నాలుగు ఇళ్ళు, నలుగురు పిల్లలు కనబడితే నాకూ బాగానే ఉంటుంది. నాకు కావలసింది ఆ గొట్టం ఒక్కటే. ప్లాట్ల మధ్య నుంచి కాకుండా రోడ్డు అంచున వేయండి. పదడుగుల వెడల్పు చాలు. ఈసారి కాగితం మీద రాయండి."

కూర్చోబోయింది. థియా ఆశ్చర్యపోయి, "అంతేనా ఏవిస్? గిడ్డంగప్పుడు మీరు నలభై నిమిషాలు మాట్లాడారు" అంది.

"గిడ్డంగిలో పిల్లలు పుడతారా?"

అందరూ నవ్వారు. లీలండ్ ఫిస్క్ అక్కడికక్కడే సరేనన్నాడు. పటం మార్చాలి, మళ్ళీ కొలవాలి. చలికాలం వచ్చేస్తుంది కాబట్టి తొమ్మిదో నంబరు పునాది ఇక వచ్చే ఏడు మేలోనే. పైపర్ ఇంకో చలికాలం ఆ బూజు గదిలోనే. మార్చిలో ఆ కవరు తీసుకుని నలభై నిమిషాలు కారు నడిపి ఉంటే ఈపాటికి పైకప్పు వేస్తుండేవాళ్ళు.

బయట ఏవిస్ కోసం ఆగాను. డ్వైట్ కారు తేవడానికి వెళ్ళాడు. ఏం చెప్పాలో రాసుకుని వెళ్ళలేదు.

"అంతేనా మీరు అడగాలనుకున్నది?" అన్నాను.

"అంతే. మార్చిలో అడిగినా అంతే."

వాకర్ మీద బరువు మార్చుకుంది. కోపంగా లేదు. అలసిపోయి ఉంది.

"గొట్టం కాదు మర్లీన్ నన్ను బాధపెట్టింది. ఆ పిల్ల దగ్గు గురించి వచ్చిన ప్రతిసారీ చెప్పేదానివి. నేను కూడా ఆలోచించేదాన్ని, ఆ మంచం మీద పడుకుని, ఆ పిల్లకి ఏం దారి అని. దానికి ఇల్లొస్తుందంటే నేను అడ్డం పడతానని నీకెలా అనిపించింది? నా దగ్గర ఐదేళ్ళు తిన్నావు. ఏం చూశావు నాలో?"

డ్వైట్ కారు వచ్చింది. అతను నాకు తల ఊపాడు. ఏవిస్ ఎక్కి కూర్చుంది, ఇటు తిరగలేదు.

ఆగస్టు 10, శనివారం

పొద్దుట్నించీ ఏవిస్ అడిగినదానికి జవాబు రాయాలని చూస్తున్నాను. మూడుసార్లు రాసి కొట్టేశాను.

మీరు అడ్డుపడతారని నేను భయపడ్డానని మొదట రాశాను. నిజం కాదు. భయపడలేదు. భయపడితే ఒక్కసారన్నా అడిగేదాన్ని. మీరు అడ్డుపడే మనిషని అనుకోవడంతో నాకు అడిగే పని తప్పింది. నాకు వీలుగా ఉంటుందని మిమ్మల్ని అలా చేసుకున్నాను. మీరు మంచం మీద పడుకుని మా పిల్ల గురించి ఆలోచిస్తుంటే, నేను పక్కన కూర్చుని ఆ పని చేశాను.

ఇది ఉత్తరంలో పంపేది కాదు. రేపు ఆదివారం. వెళ్ళి చెబుతాను. తలుపు తీయకపోవచ్చు.